కళ్ళకద్దుకున్న గోల్

మేము అమెరికా వచ్చిన కొత్తల్లో, అంటే ఫోన్లకి ఇంకా బటన్లుండి, కొత్త చోటికి వెళ్ళాలంటే దారి కాగితం మీద ప్రింట్ తీసుకుని పక్క సీట్లో పెట్టుకునే కాలంలో, మావాళ్ళ నోట ‘రాదు’ అన్న మాట వినపడేది కాదు. ఫలానా సాఫ్ట్‌వేర్ వచ్చా అంటే వచ్చు. ఫలానా డేటాబేస్ మీద పని చేశారా అంటే చేశాం. శుక్రవారం ఇంటర్వ్యూలో వచ్చని చెప్పడం, శని ఆదివారాలు కూర్చుని పుస్తకం బట్టీ కొట్టడం, సోమవారం ఏమీ ఎరగనట్టు వెళ్ళి పని మొదలుపెట్టడం. (అబద్ధం కదా అంటారేమో. సోమవారానికల్లా నిజమైపోయేది కాబట్టి దాన్ని మేము కాస్త ముందుగా చెప్పిన నిజం అనుకునేవాళ్ళం.) ఈ జబ్బు సాఫ్ట్‌వేర్ దగ్గరే ఆగి ఉంటే నాకు ఈ గొడవంతా మీకు చెప్పాల్సిన అవసరం వచ్చేది కాదు.

అరోరా అనే ఊళ్ళో అది నా రెండో ఉద్యోగం. మా మేనేజరుకి చొక్కా రెండో బొత్తాం దాకా గడ్డం ఉండేది, అందుకని ఇంట్లో నేనూ మా ఆవిడా ఆయన్ని గడ్డం బాస్ అనుకునేవాళ్ళం. ఆయన ఒక శుక్రవారం కాఫీ మెషీన్ దగ్గర నన్ను పట్టుకుని, "నీకు ఐస్ స్కేటింగ్ వచ్చా?" అని అడిగాడు. "వచ్చు, కొంచెం" అంది నా నోరు, నన్ను ఒక్క మాటైనా అడక్కుండా. "సూపర్! మా ఐస్ హాకీ టీమ్‌లో ఒకడికి మోకాలు పోయింది. ఆదివారం మధ్యాహ్నం మ్యాచ్. వచ్చెయ్" అని భుజం తట్టి వెళ్ళిపోయాడు. నేను పుట్టింది కృష్ణా జిల్లాలో. ఐస్ అంటే సోడా బండి మీద రంపప్పొట్టులో కప్పెట్టి ఉంచే దిమ్మ తప్ప, దాని మీద మనిషి నిలబడవచ్చన్న ఆలోచనే నాకెప్పుడూ రాలేదు. అయినా అలవాటు ప్రకారం లైబ్రరీకి వెళ్ళి స్కేటింగ్ మీద ఒక పుస్తకం తెచ్చుకుని శనివారమంతా చదివాను. సాయంత్రం ఊలు సాక్సులు వేసుకుని, చీపురుకట్ట చేత్తో పట్టుకుని వంటింటి నేల మీద ప్రాక్టీస్ చేస్తుంటే మా ఆవిడ కాసేపు చూసి, "ఎలాగూ చీపురుతో తిరుగుతున్నారు, ఆ స్టవ్ వెనకాల కూడా తుడిచెయ్యండి" అంది. తుడిచాను.

దేవుడి దయ వల్ల అది అచ్చంగా నేర్చుకునేవాళ్ళ లీగ్. ఒక పళ్ళ డాక్టరు, స్కూల్ బస్సు నడిపే ఒకావిడ, మనవల్ని ఎత్తుకున్న ఇద్దరు తాతలు, ఇలాంటి జనం. డ్రెస్సింగ్ రూమ్ తలుపు మీద రూల్స్ కాగితం అంటించి ఉండేది. ఒంటితో ఎవరినీ గుద్దకూడదు. కర్ర భుజం పైకి లేపకూడదు. పక్‌ని, అంటే ఆ నల్లటి రబ్బరు బిళ్ళని, కాలితో తన్ని గోల్ చెయ్యకూడదు. ఈల పడ్డాక ఎదుటివాడి మీద చెయ్యి వెయ్యకూడదు. అన్నిటికన్నా కింద, ‘రేపు అందరం పనికి వెళ్ళాల్సినవాళ్ళమే, గుర్తుంచుకోండి’ అని పెద్దక్షరాల్లో రాసి ఉంది. రూల్ తప్పినవాణ్ణి పక్కనున్న గాజు గదిలో రెండు నిమిషాలు కూర్చోబెట్టేవారు, ఆ రెండు నిమిషాలూ వాడి టీమ్ ఒక మనిషి తక్కువతో ఆడుకోవాలి. ఇవన్నీ నడిపించే రెఫరీ ఉత్తరాలు పంచి రిటైరైన ఒక పెద్దాయన. నలుపూ తెలుపూ చారల చొక్కా వేసుకుని వచ్చేవాడు కాబట్టి నాకు ఆయన చారల తాత.

మొదటి మ్యాచ్‌లో ఐస్ మీద కాలు పెట్టిన పది సెకన్లకి పడ్డాను. పడటం తప్పు కాదు, అక్కడ అందరూ పడుతూనే ఉన్నారు. నేను జారుకుంటూ వెళ్ళి అవతలి టీమ్ పళ్ళ డాక్టరు కాళ్ళకి నా కాలు తగిలించి ఆయన్నీ పడేశాను. ఈల పడింది. అంతవరకూ కూడా పరవాలేదు. కానీ మా అమ్మ పెంపకం ఒకటుందిగా! కాలు మనిషికి తగిలినా, పుస్తకానికి తగిలినా, ఆఖరికి తిరగలికి తగిలినా, తగిలినదాన్ని చేత్తో తాకి కళ్ళకద్దుకోవాలి. లేకపోతే మా అమ్మ ఊరుకునేది కాదు. పాతికేళ్ళుగా ఒంటికి పట్టిన అలవాటు, మెదడు దాకా వెళ్ళి పర్మిషన్ అడిగే రకం కాదది. పడి ఉన్న డాక్టరు మీదికి వంగి, గ్లవ్ తొడుక్కున్న చేత్తో ఆయన మోకాలు ముట్టుకుని, ఆ చెయ్యి తీసి నా హెల్మెట్ జాలీకి అద్దుకున్నాను. ఆయన బిత్తరపోయి వెనక్కి పాకాడు. చారల తాత రెండోసారి ఈల ఊది, ఈల పడ్డాక ఎదుటివాడి మీద చెయ్యి వేసినందుకు నన్ను గాజు గదిలోకి పంపాడు.

మూడు మ్యాచ్‌లయ్యేసరికి ఏడుసార్లు వెళ్ళాను ఆ గదిలోకి. వెళ్ళిన ప్రతిసారీ, ఇంకోసారి వంగితే చెయ్యి విరగ్గొట్టుకోవాలి అని ఒట్టు పెట్టుకునేవాణ్ణి. బయటికి వచ్చేవాణ్ణి, పడేవాణ్ణి, కాలు తగిలేది, వంగేవాణ్ణి. బస్సు డ్రైవరమ్మ కాలు ముట్టుకున్నప్పుడైతే ఆవిడ కెవ్వున అరిచింది. గడ్డం బాస్ పాపం మంచివాడు. "నీ ఆట సంగతి తర్వాత, ముందు జనాన్ని ముట్టుకోవడం మానెయ్ మ్యాన్" అని బతిమాలాడు. నేను లోపల కూర్చున్నప్పుడల్లా అవతలివాళ్ళు గోల్ కొట్టేవారు. మా టీమ్ ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు.

సరిగ్గా ఆ సమయంలో మా మామగారు దిగారు. అత్తగారూ ఆయనా ఆరు నెలలు ఉండటానికి వచ్చి, చెరో కూతురి దగ్గరికి వెళ్ళారు. అత్తగారు డాలస్‌లో పెద్దకూతురి దగ్గర, ఈయన మా దగ్గర. మామగారు హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళు డ్రిల్లు మాస్టారు. జిల్లాలో ఏ ఊళ్ళో కబడ్డీ పోటీలు జరిగినా ఈల ఆయన మెళ్ళోనే ఉండేది. పెళ్ళిచూపుల్లో ఆయన నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఏం ఆడతారు?" నేను క్యారమ్స్ అన్నాను. ఆయన "ఊఁ" అన్నారు. ఆ ‘ఊఁ’ నాకు నాలుగు రోజులు నిద్ర పట్టనివ్వలేదు. మా తోడల్లుడు కాలేజీలో వాలీబాల్ ఆడాడట. అతన్ని మామగారు "ఒరే అబ్బాయ్, ఇట్రా" అని పిలిచి వీపు మీద చరిచేవారు. నన్ను మాత్రం "అల్లుడుగారూ, మీరు భోంచేశారా?" అనేవారు. అంత మర్యాద ఎవడిక్కావాలండీ? పరాయివాణ్ణి చూసినట్టు చూస్తున్నారని నాకు కడుపు మండిపోయేది. ఆయన తిరిగి విమానం ఎక్కేలోగా, ఆయన కళ్ళెదుట ఒక్క గోల్ కొట్టాలి, నన్ను కూడా ఒకసారి ‘ఒరే’ అనిపించుకోవాలి. నాకు ఇంకేమీ అక్కర్లేదు.

మొదటి ఆదివారమే మంకీ క్యాప్, మఫ్లరు, రెండు స్వెట్టర్లు, వాటి మీద నా కోటూ వేసుకుని మెట్ల మీద కూర్చున్నారు. చేతిలో లాంగ్ నోట్‌బుక్. అందులో మా ఆవిడ చేత చదివించుకుని, తెలుగులో నంబర్లు వేసి రాసుకున్న మా లీగ్ రూల్స్ అన్నీ ఉన్నాయి. నేను రెండుసార్లు గాజు గదిలోకి వెళ్ళాను. ఇంటికి వచ్చాక అత్తగారికి ఫోన్ చేశారు. "ఆట బాగుందే. చలి చంపేస్తోందనుకో. అల్లుడుగారా? ఆడారు. మధ్యలో రెండుసార్లు లోపలేశారు. ఏం చేశారో అమ్మాయి చెప్పట్లేదు." నేను పక్క గదిలో ఉన్నానని ఆయనకి తెలుసు. డ్రిల్లు మాస్టార్లకి గొంతు తగ్గించి మాట్లాడటం రాదు. రాత్రి అన్నంలో పప్పు కలుపుకుంటూ, "ఇంతకీ ఈ సీజన్లో మీరు ఎన్ని గోల్స్ చేశారు?" అని అడిగారు. "ఇది టీమ్ గేమ్ మావయ్యగారూ, అలా ఒకరి లెక్క ఉండదు" అన్నాను. "అంటే సున్నా" అన్నారాయన. మా ఆవిడ నవ్వాపుకోలేక నెయ్యి గిన్నె తీసుకొస్తానని లోపలికి వెళ్ళిపోయింది, ఆ గిన్నె నా ఎదురుగానే ఉంది.

రెండో ఆదివారానికి ఆయనకి అసలు సంగతి అర్థమైపోయింది. నేను ఎవరినో తగిలి పడటం, వంగి కళ్ళకద్దుకోవడం, తాత నన్ను లోపలికి పంపడం కళ్ళారా చూశారు. మ్యాచ్ అయ్యిందో లేదో, నోట్‌బుక్ చంకలో పెట్టుకుని, మా ఆవిడని వెంటేసుకుని సరాసరి చారల తాత దగ్గరికి నడిచారు. "నాన్నా, వద్దు నాన్నా" అని తను గింజుకుంటూనే ఉంది. "అమ్మాయ్, నేను చెప్పేది చెప్పినట్టు ఇంగ్లీషులో చెప్పు. నీ సొంతం కలపకు" అన్నారు. తర్వాత ఏం చేశారో తెలుసా? బూటుతో తాత బూటు ఒక్కసారి తొక్కారు. తాత "ఔచ్" అన్నాడు. మామగారు వంగి ఆయన బూటు ముట్టుకుని, రెండు కళ్ళకీ భక్తిగా అద్దుకుని, నిటారుగా నిలబడ్డారు. "ఇదీ విషయం. కాలు తగిలింది, తప్పైపోయింది అని. మావాళ్ళకిది పుట్టుకతో వస్తుంది. కొట్లాట కాదు" అన్నారు. మా ఆవిడ మొహమంతా ఎర్రబడి, చెప్పింది చెప్పినట్టు అనువదించింది.

తాత గట్టిగా నవ్వాడు. నన్ను పిలిచి, "అయితే ఇన్నాళ్ళూ నువ్వు సారీ చెబుతున్నావా? సారీ చెప్పినందుకు నిన్ను పదిసార్లు లోపల కూర్చోబెట్టానా?" అన్నాడు. అని అక్కడికక్కడే తీర్పిచ్చాడు. రూల్ రూలే, మనిషిని ముట్టుకోవడానికి వీల్లేదు. "కానీ నీ చెయ్యి ఆగదంటున్నావు కాబట్టి మనిషి బదులు ఐస్‌ని ముట్టుకుని కళ్ళకి పెట్టుకో. నీ కాలు దేనికో తగిలిందని నేను అర్థం చేసుకుంటా" అన్నాడు. ఆ తర్వాత ఇద్దరు పెద్దవాళ్ళూ ఈలలు బయటికి తీశారు. (మామగారి ఈల తాళం చెవుల గుత్తికి ఉండేది. అమెరికా దాకా తెచ్చుకున్నారు.) ఒకరి ఈల ఒకరు ఊది చూసుకున్నారు. ఒకరి భాష ఒకరికి రాదు, అయినా పది నిమిషాలు ఏదో మాట్లాడుకున్నారు. నేను బరువైన సంచి మోసుకుని తలుపు దగ్గర నిలబడి, ఆయన నాతో ఒక్కసారైనా ఇంతసేపు మాట్లాడారా అని ఆలోచించాను. మాట్లాడలేదు.

అప్పటినుంచి నేను గాజు గది మొహం చూడలేదు. పడటం, ఐస్ ముట్టుకోవడం, కళ్ళకద్దుకోవడం, లేవడం. అవతలి టీములవాళ్ళు కూడా అలవాటుపడి, నేను వంగగానే "ఇట్స్ ఓకే, ఇట్స్ ఓకే" అనేవారు. గోల్ మాత్రం పడలేదు. చూస్తుండగానే సీజన్లో ఆఖరి ఆదివారం వచ్చేసింది. మామగారి టిక్కెట్టు బుధవారానికి. పొద్దున్న ఇడ్లీ తింటూ ఆయన, "ఇవాళే ఆఖరు కదూ అల్లుడుగారూ" అన్నారు. అంతే అన్నారు. నేను ఇడ్లీ సగంలో వదిలేసి సంచి సర్దుకోవడానికి లేచాను.

ఆ రోజు మావాళ్ళకి ఏం పూనిందో కానీ, ఆట ఇంకో నిమిషంలో అయిపోతుందనగా రెండు రెండు సమానంగా ఉన్నాం. గడ్డం బాస్ కళ్ళలో ఆశ చూస్తే జాలేసింది, ఆ గెలుపు కోసం ఆయన సీజనంతా ఎదురుచూశాడు. అవతలి గోల్ ముందు ఆరుగురు ఒకరి మీద ఒకరు పడ్డారు. గోల్‌కీపరు ఆ గుంపు కింద ఉన్నాడు. పక్ మాత్రం ఆ గుంపులోంచి దొర్లుకుంటూ బయటికి వచ్చి సరిగ్గా నా ఎదురుగా ఆగింది. గోల్ ఖాళీ! నేను కర్ర ఎత్తి ఒక్కటిచ్చాను. కర్ర గాల్లోంచి వెళ్ళిపోయింది, పక్ కదల్లేదు. ఇంకోసారి ఎత్తేంత టైము లేదు, పళ్ళ డాక్టరు లేస్తున్నాడు. అటూ ఇటూ చూశాను. తాత ఆ గుంపుకి అవతల ఉన్నాడు, ఆయనకి నా నడుము దాకానే కనిపిస్తుంది. ఇక్కడ మీ దగ్గర దాపరికం ఎందుకు? అన్నీ తెలిసి, రూల్ తెలిసి, మనసారా, ఇష్టపూర్తిగా కాలితో ఒక్క తన్ను తన్నాను.

పక్ వెళ్ళి నెట్ మధ్యలో పడింది. గడ్డం బాస్ కర్ర పైకి విసిరేశాడు. మావాళ్ళంతా అరుస్తూ నా మీదికి వస్తున్నారు. మెట్ల మీద మామగారు లేచి నిలబడ్డారు, మంకీ క్యాప్ తీసేసి గాల్లో ఊపుతున్నారు. అంతటి సంతోషం నాకు ఉద్యోగం వచ్చినప్పుడు కూడా కలగలేదు. ఆ సంతోషంలో జారుకుంటూ నెట్ దాకా వెళ్ళాను. వెళ్ళి, వంగి, పక్‌ని ముట్టుకుని, హాయిగా కళ్ళకద్దుకున్నాను.

తల ఎత్తేసరికి చారల తాత ఎదురుగా ఉన్నాడు. ఆయన నా చేతి వంక చూశాడు, పక్ వంక చూశాడు, నా కాలి వంక చూశాడు. "తన్నావా?" అన్నాడు మెల్లిగా. నేను ‘లేదు’ అందామని నోరు తెరిచాను. నిజంగా తెరిచాను. కానీ చెప్పాల్సింది చెయ్యి ముందే చెప్పేసింది, ఇక నోరుండి ఏం లాభం? సిగ్గుతో తల దించుకున్నాను. తాత రెండు చేతులూ అడ్డంగా ఊపి, గోల్ లేదన్నాడు. తర్వాత నా హెల్మెట్ మీద తట్టి, అందరికీ వినపడేలా, "ఇరవై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నాను. తనంతట తను ఒప్పుకున్న మొదటివాడు ఇతనే" అన్నాడు. పళ్ళ డాక్టరు మొదలుపెట్టాడు, అవతలి టీమంతా కర్రలతో ఐస్ మీద టకటకా కొట్టారు. వాళ్ళ లెక్కలో అది చప్పట్లు. నేను సిగ్గుపడుతున్న కొద్దీ వాళ్ళు దాన్ని వినయం అనుకుని ఇంకా గట్టిగా కొట్టారు. మ్యాచ్ రెండు రెండు దగ్గరే అయిపోయింది. ఆ సీజన్లో మేము ఓడిపోని ఆట అదొక్కటే. బయటికి వస్తుంటే గడ్డం బాస్ నా భుజం మీద చెయ్యి వేసి, "చాలా గొప్ప పని చేశావు. ఈసారి ఇంత గొప్ప పని కాస్త ఆగి, పార్కింగ్‌లోకి వచ్చాక చెయ్యి" అన్నాడు.

పార్కింగ్‌లో మామగారు కారు పక్కన నిలబడి ఉన్నారు. నేను ఆయన మొహంలోకి చూడలేకపోయాను. గోల్ పోయింది, మర్యాద మిగిలింది, ఇక జన్మంతా ‘మీరు భోంచేశారా’ అనిపించుకోవాల్సిందే అనుకున్నాను. ఆయన వచ్చి నా భుజం మీది సంచి లాక్కున్నారు. "అయ్యో, వద్దండీ, కంపు కొడుతుంది" అన్నాను. "నోర్మూసుకో. చెమట కంపు నాకు కొత్తరా?" అన్నారు. సంచి తన భుజానికి తగిలించుకున్నారు, కానీ కదల్లేదు. "ముప్ఫై ఏళ్ళు ఈల ఊదాను. తగిలింది కదరా అంటే, అమ్మతోడు తగల్లేదు మాస్టారూ అని ఏడ్చి ఒట్లేసినవాళ్ళనే చూశాను. ఎవడూ చూడకపోయినా, గెలిచే ఆటలో, నా కాలే తగిలింది అని ఒప్పుకున్నవాణ్ణి ఇవాళే చూశాను. మా ఇంటి అల్లుడు. ఒరే అబ్బాయ్..." అని ఆగిపోయారు. ఆ మంకీ క్యాప్‌తోనే కళ్ళు తుడుచుకుని, నా వీపు మీద ఒక్క చరుపు చరిచారు. మూడు రోజులు మంట పుట్టింది. కారు తాళం తీస్తున్న మా ఆవిడ, చిన్నప్పటి నుంచీ కబడ్డీ మ్యాచుల్లో తొండి ఎలా ఆడతారో చూస్తూ పెరిగిన మనిషి, నా వంక చూసి చిన్నగా దగ్గింది. అప్పుడే నిజం చెప్పేసి ఉంటే బాగుండేది. నేను చెప్పలేదు. ఆ ‘ఒరే’ ని అప్పుడే ఎలా వదులుకుంటాను చెప్పండి?

అది జరిగి చాలా ఏళ్ళయింది. నాకిప్పుడు మోకాళ్ళు మెట్లు దిగడానికే ఒప్పుకోవడం లేదు. మామగారు ఊళ్ళో పార్కుకి వెళ్ళినా, పెళ్ళికి వెళ్ళినా, ఎక్కడో అక్కడ నా కథ ఎత్తుతారట. చుట్టాల్లో ఇద్దరు పోట్లాడుకుంటే "మా రెండోవాణ్ణి అడగండ్రా, వాడి నోట అబద్ధం రాదు" అంటారట. వాళ్ళు నిజంగానే ఫోన్ చేసి అడుగుతారు. మొన్న ఆదివారం ఉండబట్టలేక, "మావయ్యగారూ, అసలు ఆ రోజు ఏం జరిగిందంటే..." అని మొదలుపెట్టాను. "ఊరుకోరా, నీ గొప్ప నువ్వు చెప్పుకోవు, నాకు తెలుసు" అని కొట్టిపారేసి, బీపీ మాత్రల సంగతిలోకి వెళ్ళిపోయారు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నవ్వుకున్నాను. హెల్మెట్ పెట్టుకుని నెట్ ముందు వంగిన ఆ ఇరవై ఏడేళ్ళ కుర్రాడు కళ్ళ ముందు మెదిలాడు, వాడి మీద ముద్దొచ్చింది, కాస్త జాలి కూడా వేసింది. అంత దూరం నుంచి, ఎడమ కాలితో, నెట్‌కి సరిగ్గా మధ్యలోకి తన్నాడు పాపం. జీవితంలో వాడు ఆడిన ఆటంతా కలిపినా అంత చక్కటి తన్ను ఇంకోటి లేదు. దాన్ని గురించి చెప్పుకోవడానికి వాడికి మీరు తప్ప ఒక్క మనిషి లేడు.